వంకర గట్ల పొలమునకు వైశాల్యము కనుగొను విధము

ఖానాపూర్ పరిసరములందు నాలుగు మూలలు సరిగా నున్న పొలము అరుదు. దక్షిణమున గోదావరి, తూర్పున కడెం నది, ఉత్తరమున అడవి గుట్టలు, నడుమ సదర్‌మాట్ ఆనకట్ట నుండి వచ్చు కాలువ. వీటి మధ్య మిగిలిన నేలను పెద్దలు తమకు వీలైనట్లు గట్లు వేసికొని సేద్యము చేసిరి. ఒక గట్టు వాగు వంపును బట్టి వంగినది. ఒకటి చెట్టును తప్పించుకొని పోయినది. మరియొకటి అన్నదమ్ముల పంపకములో పుట్టినది. ఇట్టి పొలమును చూచి "రెండెకరములుండును" అని నోటితో చెప్పుట సులభమే. కాని విత్తనము, ఎరువు, దున్నకము, నాట్ల కూలి, కౌలు, క్రయము, ఇవన్నియు ఎకరమును గుంటను బట్టియే లెక్కకు వచ్చును. 2018లో తెలంగాణ ప్రభుత్వము రైతుబంధు పథకమును ప్రారంభించినపుడు ఎకరమునకు ఒక్కొక్క పంటకు 4,000 రూపాయల చొప్పున ఇచ్చినది. అనగా గుంటకు నూరు రూపాయలు. కాగితము మీద పది గుంటలు తక్కువ వ్రాయబడిన రైతు ఆ ఒక్క పంటకే వేయి రూపాయలు పోగొట్టుకొనెను.

కావున వంకర పొలమునకు వైశాల్యమును రైతు తానే కనుగొనగలిగి యుండుట అవసరము. దీనికి పెద్ద చదువు అక్కరలేదు. ఒక తాడు, కొన్ని మేకులు, ఒక గళ్ళ కాగితము, కూడిక, తీసివేత, గుణకారము వచ్చిన పిల్లవాడొకడు ఉన్న చాలును.

ముందు కొలమానము తెలియవలెను. హైదరాబాదు సంస్థానమున సర్వే బొంబాయి పద్ధతిని అనుసరించి జరిగినందున తెలంగాణమున నేటికిని గుంటల లెక్కయే వాడుకలో నున్నది. ఆ పద్ధతిలో గొలుసు నిడివి 33 అడుగులు. గొలుసును 16 భాగములు చేసి ఒక్కొక్క భాగమును ఆణా అందురు. పొడవు ఒక గొలుసు, వెడల్పు ఒక గొలుసు గల నేల ఒక గుంట, అనగా 121 చదరపు గజములు. 40 గుంటలు ఒక ఎకరము. ఈ ఏర్పాటులో రైతునకు గొప్ప సౌకర్యము కలదు. కొలతలన్నియు గొలుసులలో వ్రాసికొన్నచో వచ్చిన ఫలము తిన్నగా గుంటలలోనే వచ్చును. అడుగులలో కొలిచినవాడు కడపట 1,089 చేత భాగింపవలసి వచ్చును, ఆ భాగహారమందే తప్పులు దొర్లును. హెక్టారులలో వ్రాసిన కాగితము చేతికి వచ్చినపుడు, ఒక హెక్టారు సుమారు 2 ఎకరముల 19 గుంటలని గుర్తుంచుకొన్న చాలును.

పొలము చుట్టు నడచి అడుగులు లెక్కపెట్టి వైశాల్యము చెప్పువారు గ్రామములందు ఇంకను కలరు. ఇది మోసపుచ్చు కొలత. 10 గొలుసుల పొడవు, 10 గొలుసుల వెడల్పు గల చెలక చుట్టుకొలత 40 గొలుసులు, వైశాల్యము 100 గుంటలు. 16 గొలుసుల పొడవు, 4 గొలుసుల వెడల్పు గల వాగొడ్డు చెలక చుట్టుకొలతయు 40 గొలుసులే, వైశాల్యము మాత్రము 64 గుంటలు. రెండింటి చుట్టును నడచుటకు పట్టు కాలమొక్కటే, నేలలో తేడా 36 గుంటలు, అనగా దాదాపు ఒక ఎకరము. చుట్టుకొలతలు సరిపోయినవని ఈ రెండు చెలకలను సరికి సరి మార్చుకొన్నవాని నష్టము ఎంతో చెప్పనక్కరలేదు.

రెండవ మోసము దీనికంటె సూక్ష్మమైనది, ఏలయన అది లెక్కవలె కనబడును. నాలుగు గట్ల పొలమున ఎదురెదురు గట్ల కొలతలు కలిపి సగము చేసి, ఆ రెండు సగములను గుణించుట పూర్వకాలపు పద్ధతి. ఇది ఉజ్జాయింపు మాత్రమేయని మన పూర్వులకు తెలియును. బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లో దీనిని స్థూలఫలమని చెప్పి, సూక్ష్మఫలమునకు వేరు సూత్రము నిచ్చెను. 9వ శతాబ్దపు మహావీరాచార్యుడు వ్యవహారమునకు ఒకటి, సూక్ష్మమునకు ఒకటి వేర్వేరుగా వ్రాసెను. ఆయన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన 11వ శతాబ్దమున తెనిగించినందున క్షేత్రగణితము తెలుగువారికి క్రొత్తది కాదు. స్థూలఫలము దీర్ఘచతురస్రమునకు మాత్రమే సరిపోవును. మూలలు వాలిన ప్రతి పొలమునకును అది ఉన్నదానికంటె ఎక్కువయే చూపును, ఎన్నడును తక్కువ చూపదు. నాలుగు గట్లును పదేసి గొలుసులు ఉండి, పొలము ప్రక్కకు వాలియున్నదనుకొందము. రెండు ఎదురు గట్ల నడుమ నిలువు దూరము 8 గొలుసులే. స్థూలపు లెక్కకు 100 గుంటలు. నిజమునకు 10ని 8 చేత గుణింపగా 80 గుంటలే. కొనువాడు లేని 20 గుంటలకు ధర చెల్లించును, కౌలుదారు లేని అర ఎకరమునకు ఏటేట కౌలు చెల్లించును. ఈ పద్ధతి వలన అమ్మువానికి నష్టము కలుగదు కావున దానిని మానుమని అతడు ఎన్నడును చెప్పడు.

ఇక సరియైన విధము. పొలమునకు ఒక ప్రక్కగా, దాని పొడవు వెంబడి, ఒక తిన్నని గీతను తాడుతో పరచి మేకులు కొట్టవలెను. దీనిని ఆధారరేఖ యందురు. అది తూర్పు పడమరలుగా ఉండవలెనను నియమము లేదు, తిన్నగా ఉన్న చాలును. పొరుగువాని చేను త్రొక్కవలసి వచ్చునెడల పంట కోసిన తరువాత కొలుచుట మర్యాద. పొలము యొక్క ఒక మూల నుండి ఈ రేఖ మొదలగునట్లు చేసికొన్న లెక్క తేలిక యగును. పిమ్మట ప్రతి మూల నుండియు ఆధారరేఖకు లంబముగా తాడు పట్టవలెను. మొదటి మేకు నుండి ఆ లంబము రేఖను తాకిన చోటి వరకు గల దూరము అడ్డు కొలత. అచ్చటి నుండి మూల వరకు గల దూరము నిలువు కొలత. ఈ రెండు అంకెలు తెలిసిన చాలును, ఆ మూల ఎచ్చట నున్నదో కాగితము మీద గుర్తింపవచ్చును. 1637లో ఫ్రాన్సు దేశపు డెకార్ట్ ప్రకటించిన రేఖాగణితమునకు మూలము ఈ భావమే. నేడు బడిపిల్లలు నిరూపకములను పేర నేర్చుకొనుచున్నదియు ఇదియే.

లంబము సరిగా లేనిచో అంతయు చెడును. తాపీవాని మూలమట్టము చిన్నది, దానిని నమ్మి దూరముగా తాడు లాగినచో కొన తప్పిపోవును. 12 సమభాగములుగా ముడులు వేసిన తాటిని తీసికొని, కొనలు రెండును కలిపి, 3 భాగములు ఒక ప్రక్క, 4 భాగములు ఒక ప్రక్క, 5 భాగములు ఒక ప్రక్క వచ్చునట్లు బిగించి లాగినచో 3, 4 భాగములు కలిసిన మూల సరియైన లంబమగును. ముడుల నడుమ ఒక్కొక్క గజమైనను ఉండుట మంచిది.

ఉదాహరణమునకు అయిదు మూలల పొలమొకటి తీసికొందము. మూలలకు వరుసగా క, చ, ట, త, ప అని పేరులు పెట్టుదము. క ఆధారరేఖ మొదలు, కావున దానికి అడ్డు 0, నిలువు 0. చ అడ్డు 12, నిలువు 2. ట అడ్డు 14, నిలువు 9. త అడ్డు 6, నిలువు 13. ప అడ్డు 1, నిలువు 8. అన్నియు గొలుసులు. గళ్ళ కాగితము మీద ఒక గడి ఒక గొలుసు చొప్పున ఈ గుర్తులు పెట్టి గీతలతో కలిపినచో పొలము ఆకారము కండ్లకు కట్టును. ఒక్కొక్క గడి ఒక్కొక్క గుంట యగును. నిండు గడులు లెక్కపెట్టి, సగము మించిన ముక్కలను ఒకటిగా గ్రహించి, సగమునకు తగ్గిన వానిని విడిచిపెట్టినచో ఉజ్జాయింపు వెంటనే తెలియును. తరువాతి లెక్కలో పెద్ద పొరపాటు దొర్లిన ఈ ఉజ్జాయింపే పట్టి యిచ్చును.

ఈ పొలము చుట్టు కాగితము మీద ఒక దీర్ఘచతురస్రము గీయవలెను. దాని పొడవు 14, ఎత్తు 13, వైశాల్యము 182 గుంటలు. పొలము కాని ముక్కలను దానిలో నుండి తీసివేయుదము. క, చల క్రింద నున్న త్రిభుజము 12 గుంటలు. చ, టల క్రింద కుడివైపు నున్న ముక్కకు ఒక ప్రక్క ఎత్తు 2, మరియొక ప్రక్క 9, వెడల్పు 2, కావున 11 గుంటలు. ట, తల పైనున్న త్రిభుజము 16. త, పల పైనున్నది 12½. పకు ఎడమ ప్రక్కనున్న పొడుగు ముక్క 9. మొత్తము 60½. దీనిని 182లో తీసివేయగా 121½ గుంటలు, అనగా 3 ఎకరముల 1½ గుంట.

మూలలు ఎక్కువగా ఉన్నపుడు ఇన్ని ముక్కలు చేయుట విసుగు. అప్పుడు వజ్రాభ్యాసము చేయవలెను. మూలలను గట్టు వెంబడి నడచు వరుసలో ఒకదాని క్రింద ఒకటి వ్రాసి, కడపట మొదటి మూలను మరల వ్రాయవలెను. ప్రతి మూల అడ్డు కొలతను తరువాతి మూల నిలువు కొలతతో గుణించి కూడవలెను. పై పొలమునకు 0, 108, 182, 48, 0 వచ్చును, మొత్తము 338. పిమ్మట ప్రతి మూల నిలువు కొలతను తరువాతి మూల అడ్డు కొలతతో గుణించి కూడవలెను. 0, 28, 54, 13, 0 వచ్చును, మొత్తము 95. పెద్ద మొత్తములో చిన్న మొత్తమును తీసివేసి సగము చేయగా 243లో సగము 121½. మొదటి లెక్కతో సరిపోయినది. జర్మను గణితజ్ఞుడు మైస్టర్ 1769లో వివరించిన ఈ సూత్రము అయిదు మూలలకును ఏబది మూలలకును ఒక్కటే. చేనులోనికి చొచ్చుకొని వచ్చిన మూలయున్నను ఇది చెడదు. ఆధారరేఖకు ఆవలి ప్రక్కన మూల పడినచో దాని నిలువు కొలతను ఋణముగా వ్రాసిన సరి.

అయితే వరుస తప్పరాదు. పై లెక్కలోనే ట, తల స్థానములు తారుమారు చేసి వ్రాసినచో 59½ గుంటలు మాత్రమే వచ్చును. సగమునకు సగము నేల ఎక్కడికో పోయినట్లుండును. నేల పోలేదు, గీతలు ఒకదాని నొకటి ఖండించుకొనినవి. అందుచేత లెక్కకు ముందు కాగితము మీద గీతలు కలుపుట మానరాదు.

ఇంతవరకు గట్లు తిన్ననివని భావించితిమి. గోదావరి యొడ్డు, వాగు యొడ్డు తిన్నగా ఉండవు. అట్టి అంచునకు మూలలు లేవు, వంపులే కలవు. ఇచ్చట పొలమును రెండు భాగములుగా ఎంచవలెను. తిన్నని గట్ల భాగమును పై విధముననే లెక్కించి, ఒడ్డునకు దాపుగా ఒక తిన్నని రేఖను పరచి, ఆ రేఖకును నీటి యంచునకును నడుమ గల పట్టెను వేరుగా కొలువవలెను. 12 గొలుసుల రేఖ మీద రెండేసి గొలుసుల కొక లంబము చొప్పున ఏడు లంబములు పట్టగా 3, 4, 5½, 5, 4½, 6, 5 గొలుసులు వచ్చినవనుకొందము. మొదటిదియు కడపటిదియు కలిపి సగము చేయగా 4. నడిమి అయిదును కూడగా 25. మొత్తము 29ని లంబముల నడుమ దూరమగు 2 చేత గుణింపగా 58 గుంటలు. ఒడ్డు గుండ్రముగా వంగినచోట సింప్సన్ పేర ప్రసిద్ధమైన నియమము మేలు: మొదటి కడపటి లంబములు కలిపి 8, రెండవ నాలుగవ ఆరవ లంబముల మొత్తము 15కు నాలుగు రెట్లు 60, మూడవ అయిదవ లంబముల మొత్తము 10కి రెండు రెట్లు 20, అన్నియు 88. దానిని 2 చేత గుణించి 3 చేత భాగింపగా 58 గుంటల మీద మూడింట రెండు వంతులు. తేడా సుమారు 80 చదరపు గజములు. ఈ నియమమునకు లంబముల సంఖ్య బేసిగా ఉండవలెను. సాధారణ రైతునకు మొదటి విధము చాలును.

ఏ నియమమును వాడితిమన్న దానికంటె ఎన్ని లంబములు పట్టితిమన్నది ముఖ్యము. పై ఒడ్డునే శ్రమ తగ్గించుకొనుటకై మొదట, నడుమ, కడపట మూడు లంబములతో కొలిచినచో 54 గుంటలే తేలును. నాలుగు గుంటలు వంపులలో దాగిపోవును. కాబట్టి ఒడ్డు ఎచ్చట మలుపు తిరిగెనో అచ్చట తప్పక ఒక లంబము పట్టవలెను. అట్టి చోట లంబముల నడుమ దూరములు సమముగా నుండవు గనుక ఒక్కొక్క ముక్కను వేరుగా, రెండు ప్రక్కల లంబముల సగమును నడిమి దూరముతో గుణించి, కూడుకొనవలెను.

తాటి సంగతి చెప్పక విడువరాదు, ఏలయన లెక్కలోని తప్పులకంటె తాటిలోని తప్పులే ఎక్కువ. నార తాడు తడిసిన కుంచించుకొనును, లాగిన సాగును. 33 అడుగులని చెప్పిన తాడు 32 అడుగులే యున్నచో, కొలిచి 100 గుంటలని తేల్చిన నేల నిజమునకు 94 గుంటలే. ఒక అడుగు లోపమునకు ఆరు గుంటల లోపము, ఏలయన పొడవునందును వెడల్పునందును ఆ లోపము పడును. కొనువాడు కొలతకు ముందు తాటిని ఇనుప టేపుతో సరిచూడుమని అడుగుటకు మొగమాటపడరాదు. తాడు నడుమ వ్రేలాడినను, కంప మీదుగా పోయినను కొలత పెరుగును.

గుట్ట వాలు మీది చెలకలకు మరియొక జాగ్రత్త. భూమి కాగితములలోని వైశాల్యము వాలు వెంబడి కొలిచినది కాదు, సమతలమున కొలిచినది. 33 అడుగుల వాలుకు 8 అడుగుల ఎత్తు లేచినచోట సమతలపు నిడివి సుమారు 32 అడుగులే. వాలున కొలుచునపుడు తాటిని నేలకు ఆనింపక, క్రింది కొనను ఎత్తి సమమట్టముగా పట్టి, ఆ కొన నుండి తూకపుగుండు వ్రేలాడవిడిచి నేల మీద గుర్తు పెట్టుచు, మెట్లు మెట్లుగా పోవలెను.

1854లో ఆమ్స్‌లర్ అనువాడు కల్పించిన ప్లానీమీటరను పరికరమును పటము హద్దుల వెంబడి త్రిప్పిన వైశాల్యము తెలియును. నేడు చేతి ఫోనులు ఉపగ్రహముల సాయమున మూలల స్థానములు గుర్తించి వైశాల్యము చెప్పుచున్నవి. లోపల జరుగు లెక్క పై వజ్రాభ్యాసమువంటిదే. అయితే సాధారణ ఫోను ఒక్కొక్క మూలను కొలది మీటర్లు ఇటునటు చూపవచ్చును. పది ఎకరముల చెలకలో అది కనబడదు, పది గుంటల మడిలో కొట్టవచ్చినట్లు కనబడును. చిన్న ముక్కలకు తాడే నమ్మదగినది.

ఈ ప్రాంతపు రైతునకు కొలత ఒక్కమారు చేసి మరచునది కాదు. 2022 జూలైలో కడెం జలాశయమునకు గేట్ల సామర్థ్యమును మించిన వరద వచ్చెను. అట్టి వరదల పిమ్మట ఒడ్డు ఒకచోట తెగును, ఒకచోట ఇసుక మేట వేయును. వెనుకటి సంవత్సరపు లంబములు వ్రాసి పెట్టుకొన్న రైతు, అదే రేఖ మీద మరల లంబములు పట్టి, ఎన్ని గుంటలు కోతకు పోయెనో అంకెలతో చెప్పగలడు. వ్రాసి పెట్టుకొననివాడు "చాల పోయినది" అని మాత్రమే చెప్పగలడు. ఆధారరేఖ రెండు కొనలను బావి గట్టు, హద్దురాయి వంటి కదలని గుర్తులకు కట్టి, ఆ దూరములను తేదీతో కూడ కాగితము మీద వ్రాయవలెను. వరద తాకు చోట మేకులు నిలువవు.

స్వంత కొలత వలన పట్టా మారదు. హద్దులు నిర్ణయించుట సర్వే శాఖ పని, దానికి దరఖాస్తు చేసికొనవలెను. 2025 నాటి భూభారతి చట్టము క్రయమునకు కొలత పటమును జతపరచు పద్ధతిని ఉద్దేశించినది. సర్వేయరు వచ్చిన దినమున రైతు తన గళ్ళ కాగితమును చేత పట్టుకొని వెంట నడచినచో, ఏ మూల విడిచిరో, ఏ వంపున లంబము పట్టలేదో అక్కడికక్కడే అడుగగలడు. పొరుగు రైతును కూడ ఆ దినమునకు పిలుచుకొనుట మంచిది, తాటికి రెండవ కొన పట్టువాడు ఎట్లును కావలయును.